పడమటి మూల పిల్లాడు: కరాటే క్లాసులు కలిసి సాధన చేయడం ఎందుకు కష్టం, ఎలా సాధ్యం

ఆదివారం పొద్దున ఆరు గంటలు. నల్లగొండలో ఒక గ్రౌండ్. తూర్పు మూలన మా మాస్టర్ క్లాసు, పడమటి మూలన ఇంకో మాస్టర్ క్లాసు. మధ్యలో యాభై అడుగులు ఉంటుందేమో. రెండు వైపులా అవే తెల్ల డ్రెస్సులు, అవే జపాన్ అంకెలు: ఇచ్, నీ, సాన్, షీ. నీళ్ల నల్లా మాత్రం ఒక్కటే. దాని దగ్గర ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్లం. అలా ఐదేళ్లు గడిచాయి.

ఒకసారి హైదరాబాద్‌లో ఓపెన్ టోర్నమెంట్‌కు పోయాం. తెల్లవారకముందే బస్సెక్కి వంద కిలోమీటర్లు పోయి, మధ్యాహ్నం దాకా వంతు కోసం కూర్చుంటే, మొదటి రౌండ్‌లో నా ఎదుట నిలబడ్డవాడు ఆ పడమటి మూల పిల్లాడు. దూరం నుంచి పెద్ద అడుగు వేసి గుద్దడం ఒక్కటే నాకు తెలుసు. వాడు ఆ దూరమే ఇవ్వలేదు. దగ్గరికి దూరి, నా చేతిని పక్కకు తోసి, పొట్టలో ఒకటి పెట్టాడు. మళ్లీ అదే. మళ్లీ అదే. రెండు నిమిషాల్లో నా ఐదేళ్ల కరాటే అయిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఓటమి కంటే ఇంకో సంగతి ఎక్కువ బాధపెట్టింది. వీడితో వారానికి పది నిమిషాలు తలపడినా ఎంత నేర్చుకునేవాణ్ని? వాడికైనా అంతే కదా. మరి మమ్మల్ని ఎవరు ఆపారు?

ఇప్పుడు మిర్యాలగూడలో నేనే చిన్న క్లాసు నడుపుతున్నాను. రెండేళ్లుగా జడ్చర్ల–కోదాడ రోడ్డు మీద, కల్వకుర్తి నుంచి మిర్యాలగూడ దాకా ఉన్న ఐదు క్లాసుల వాళ్లం నెలకో ఆదివారం కలిసి సాధన చేస్తున్నాం. ఈ పని ఎందుకు అంత తేలిక కాదో, ఏం చేస్తే కుదురుతుందో నాకు తెలిసినంత వరకు రాస్తాను. అందరూ శైలుల తేడా అంటారు. నా అనుభవంలో అది సాకు. చిక్కు ఉన్నది బెల్ట్ టెస్ట్ దగ్గర.

వాళ్లది గోజు, మనది షోటోకాన్

"వాళ్లది గోజు, మనది షోటోకాన్, రెండింటికీ పొత్తు కుదరదు." గోజు, షోటోకాన్ అనేవి కరాటేలో రెండు శైలులు. ఈ మాట వినకుండా పెరిగిన కరాటే విద్యార్థి మన జిల్లాల్లో ఉండడు. నిజంగా అంత కుదరనివా? కొంచెం వెనక్కి పోతే తెలుస్తుంది.

కరాటే పుట్టింది ఒకినావా దీవిలో. అక్కడ షురి, నాహా, తొమారి అని మూడు ఊళ్లు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచి పోవచ్చు. ఇప్పుడు మూడూ నాహా నగరంలోనే కలిసిపోయాయి. ఊరిని బట్టి షురి-తే, నాహా-తే, తొమారి-తే అన్నారు. 'తే' అంటే చెయ్యి. షురిలో ఇతోసు, నాహాలో హిగాఒన్నా పేరున్న గురువులు. కెన్వా మబుని ఇద్దరి దగ్గరా నేర్చుకున్నాడు. ఆ ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలను తీసుకుని, వాటికున్న మరో ఉచ్చారణతో తన పద్ధతికి షితో-ర్యూ అని పేరు పెట్టాడు. 'ర్యూ' అంటే శైలి. ఇవాళ ఎవరో 'స్వచ్ఛమైన షితో' అని గొప్పగా చెప్పుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఆ పేరులోనే రెండు బడులున్నాయి.

అంతటితో ఆగలేదు. 1920ల్లో నాహాలో మబుని, గోజు-ర్యూ స్థాపకుడు చోజున్ మియాగి, ఇంకొందరు కలిసి ఒక సాధన సంఘం పెట్టుకున్నారు. ఒకరికి వచ్చింది ఇంకొకరికి చూపించుకుంటూ కలిసి చెమటోడ్చారు. 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించిన గిచిన్ ఫునాకోషి కూడా ఇతోసు శిష్యుడే. ఆయన పద్ధతిని మనం షోటోకాన్ అంటున్నాం కానీ, కరాటేను అలా ముక్కలు చేసి పేర్లు పెట్టడం ఆయనకు నచ్చేది కాదు. ఆయన దగ్గర నేర్చుకున్న హిరోనోరి ఒత్సుకా, తనకు ముందే వచ్చిన జుజుత్సు అనే జపాన్ యుద్ధవిద్యను జోడించి వాడో-ర్యూ మొదలుపెట్టాడు. అసలు 'కరాటే'ను 'ఖాళీ చేయి' అనే అర్థం వచ్చేలా రాయాలా వద్దా అన్నది కూడా 1936 అక్టోబరు 25న నాహాలో గురువులంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ తేదీనే ఒకినావాలో కరాటే దినంగా జరుపుకుంటారు.

తేడాలు లేవని అనడం లేదు. ఉన్నాయి, అవి నిజంగా తికమక పెడతాయి కూడా. కటా అంటే ఎదుట మనిషి ఉన్నట్టు ఊహించుకుని ఒంటరిగా చేసే కదలికల వరుస. మా షోటోకాన్ పిల్లలు మొదట నేర్చుకునే కటా హేయాన్ షోదాన్. షితోలో అదే కటా పేరు పినాన్ నిదాన్. ఇతోసు చేసిన వరుసలో అది రెండోది. ఫునాకోషి పేరు మార్చినప్పుడు మొదటిదాన్నీ రెండోదాన్నీ అటూ ఇటూ చేశాడు. మా మొదటి కలయికలో ఎవరో "నిదాన్ చేయండి" అని అరిస్తే సగం హాలు ఒక కటా, సగం హాలు ఇంకో కటా మొదలుపెట్టింది. ఇద్దరు పిల్లలు ఢీకొన్నారు. ఒకే కటా చేసినా నిలబడే తీరు వేరు: మా వాళ్లు ముందు కాలు వంచి పొడవుగా నిలబడితే, వాళ్లు బరువంతా వెనక కాలు మీద వేసి పిల్లిలా నిలబడతారు. ఇంకో తమాషా: 'ఉచి ఉకే' అంటే షోటోకాన్‌లో లోపలి నుంచి బయటికి అడ్డుకోవడం. వాడోలో అదే మాటకు బయటి నుంచి లోపలికి. జపాన్ మాటలు వాడినంతసేపూ గొడవే. చివరికి ఒక మాస్టర్ విసిగిపోయి "లోపల్నుంచి బయటికి కొట్టుండ్రా" అన్నాడు. అందరి చేతులూ ఒకేసారి ఒకే వైపు కదిలాయి.

తికమక తీరడానికి పట్టింది అంతసేపే. శైలి నిజంగా అడ్డుగోడ అయితే పదేళ్లు పక్కపక్కన ఉన్న క్లాసులు ఒక్కసారైనా ప్రయత్నించి విఫలమై ఉండాలి. ప్రయత్నమే జరగలేదంటే కారణం ఇంకోచోట ఉంది.

బెల్టు లెక్క

ఒక లెక్క వేద్దాం. ఊహించిన లెక్కే, కానీ ఈ పని చేసేవాళ్లెవరూ దీన్ని చూసి ఆశ్చర్యపోరు. నలభై మంది పిల్లలు, నెలకు 400 ఫీజు. కాగితం మీద 16,000. పరీక్షల నెలలో సగం మంది రారు. ఎండాకాలం అమ్మమ్మ ఊరికి పోతారు. అన్నదమ్ములిద్దరొస్తే ఒకరికే ఫీజు. తెలిసినవాళ్ల పిల్లలను అడగలేం. చేతికి 10,000 వస్తే గొప్ప. హాలు కిరాయి 4,000 పోతే మిగిలిన దాంతో ఇల్లు గడవదు.

ఆ లోటును పూడ్చేది మూడు నాలుగు నెలలకోసారి పెట్టే బెల్ట్ టెస్ట్. తలకు ఇంత అని వసూలు చేసి, సర్టిఫికెట్ ఖర్చు, పై సంస్థకు కట్టే వాటా పోను మిగిలినదే మాస్టర్ ఆదాయం. అందుకే ఒక పిల్లాడు పక్క క్లాసుకు పోయాడంటే నష్టం నెలకు 400 అని మాస్టర్ అనుకోడు. తెల్ల బెల్టు నుంచి నల్ల బెల్టు దాకా వాడు ఎక్కబోయే మెట్లన్నీ లెక్కకొస్తాయి. వాణ్ని చూసి వెంట పోయే ఇద్దరు స్నేహితులు కూడా.

మీద నుంచి ప్రభుత్వ బడుల సంగతి ఒకటి. సమగ్ర శిక్ష కింద ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంటుంది కదా, ఆ బడి ఎవరికి దక్కుతుందన్న పోటీ. పక్క మాస్టర్‌తో చనువుగా ఉంటే మన సంగతులన్నీ తెలిసిపోతాయన్న అనుమానం.

ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను. నేను మొదటిసారి మల్లేపల్లి వైపు ఉన్న ఒక మాస్టర్‌కు ఫోన్ చేసి కలిసి సాధన చేద్దామంటే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మా పిల్లల్ని మీ దగ్గరికి తోల్కొస్తే మళ్ల నాతోటి వస్తరా సార్?" సూటిగా అడిగాడు కాబట్టే పని ముందుకు కదిలింది. శైలి గురించి ఆయన ఒక్క మాట కూడా ఎత్తలేదు.

కలవకపోతే పోయేదేమిటి

2016 అక్టోబరులో జిల్లాలు చీలాక పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాలమూరు మొదట నాలుగు, 2019లో నారాయణపేట వచ్చాక ఐదు. ఇంతకుముందు ఒకే జిల్లా సెలెక్షన్లలో కలిసే సూర్యాపేట, నల్లగొండ, భువనగిరి పిల్లలు ఇప్పుడు ఎవరి జిల్లాలో వాళ్లు తేలుతున్నారు. పోటీ తగ్గింది, గెలవడం తేలికైంది, అని కొందరు తల్లిదండ్రులు సంతోషించారు. రాష్ట్ర స్థాయికి పోయి మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చినప్పుడు దాని ఖరీదు తెలిసింది.

కుమితే అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడటం. అందులో అసలు పని ఎదుటి మనిషిని చదవడం. నలభై మంది ఉన్న క్లాసులో పన్నెండేళ్ల వయసు, ఒకే బరువు ఉన్న ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు? ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఆ ఇద్దరూ ఏడాదంతా ఒకరితో ఒకరే తలపడతారు. ఆ అమ్మాయి కుడికాలు ఎత్తేముందు భుజం వంచుతుందని ఈ అమ్మాయికి కంఠతా వస్తుంది. అది కరాటేలో ఎదుగుదల కిందికి రాదు, స్నేహితురాలి అలవాట్లు తెలియడం కిందికి వస్తుంది. కొత్త మనిషి ఎదురొస్తే మళ్లీ సున్నా.

మన జాతరల్లో కుస్తీ పోటీలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పహిల్వాన్ తన తాలీంలో ఎంత సాధన చేసినా, ఊరూరా తిరిగి తెలియని చేతులు పట్టుకుంటే తప్ప పదును రాదు.

కటా పోటీలకు పోయే పిల్లలకు ఇంకో లాభం. ప్రపంచ కరాటే సమాఖ్య జాబితాలో నాలుగు శైలుల కటాలూ ఉన్నాయి. అందుకే పెద్ద పోటీల్లో షోటోకాన్ పిల్లలు చూడని కటాలు ఎదురవుతాయి. సూపరిన్‌పే అనే కటా పేరుకు అర్థం 108. మా పిల్లలకు 108 అంటే అంబులెన్సే. ఆ కటాను దగ్గర నుంచి మొదటిసారి చూసిన రోజు ఒకడు "సార్, ఇది చేసినంక నిజంగనే 108కి ఫోన్ చెయ్యాలె" అన్నాడు. పొట్టి అడుగులు, నెమ్మదైన ఊపిరి, మధ్యలో ఒక్కసారిగా వచ్చే వేగం. ఎగిరి తన్నడమే కరాటే అనుకునే వయసులో ఆ నెమ్మదిని చూడటమే ఒక పాఠం.

బదులుకు పోయినట్టు

వరి నాట్ల కాలంలో మా అమ్మ బదులుకు పోయేది. ఇవాళ వాళ్ల పొలంలో మనం, రేపు మన పొలంలో వాళ్లు. పైసలు చేతులు మారవు, రోజులు మారతాయి. ఎవరి పొలంలో పంట వాళ్లదే. నాటు వేసినంత మాత్రాన వడ్లలో వాటా అడగరు. నాటు సరిగా వేయకపోతే మాత్రం మరుసటి ఏడాది పిలవరు. మేం ఎన్నో కాగితాలు రాసి చింపిన తర్వాత చివరికి నిలిచింది ఈ పద్ధతే.

నెలకో ఊరు. హాలు చూసుకోవడం, నీళ్లు, అరటిపండ్లు ఆ ఊరి మాస్టర్ బాధ్యత. కానీ నేర్పేది వచ్చినవాళ్లు. ఇది మొదట వింతగా అనిపించింది. ఇంటివాళ్లే నేర్పితే తమ పిల్లల ముందు గొప్పలు పోతారు, వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని చూస్తారు. వచ్చినవాళ్లు నేర్పితే ఇంటి మాస్టర్ కూడా తన పిల్లలతో పాటు వరుసలో నిలబడాలి. తమ సార్ చెమటోడ్చి కొత్తది నేర్చుకోవడం పిల్లలు చూడాలి. మొదటి రెండు నెలలు ఇద్దరు సీనియర్లు దీనికి ఒప్పుకోలేదు. ఒకాయన ఇప్పటికీ వరుసలో నిలబడడు, పక్కన నిలబడి చూస్తాడు. ఫర్వాలేదు, వస్తున్నాడు.

సర్టిఫికెట్ లేదు, మెడల్ లేదు, టెస్ట్ లేదు. ఒక్క సర్టిఫికెట్ అచ్చేస్తే దాని మీద ఎవరి ముద్ర, ఎవరి సంతకం పైన అన్న ప్రశ్న వస్తుంది. మొదటి కలయికకు వేసిన ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో పెద్దదన్న దగ్గరే సగం ఉత్సాహం చచ్చింది. ఆ రోజు నుంచి ఫ్లెక్సీ లేదు. కుర్చీలు కూడా తీసేశాం. మన దగ్గర ఏ కార్యక్రమమైనా కుర్చీల దగ్గరే చెడుతుంది.

వరుస ఎలా నిలబెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. మామూలుగా బెల్టు రంగును బట్టి. కానీ ఒకరి దగ్గర ఊదా బెల్టు ఉంది, ఇంకొకరి దగ్గర లేదు. ఒకరి దగ్గర ఏడాదిలో వచ్చే రంగు ఇంకొకరి దగ్గర రెండేళ్లకు వస్తుంది. తన పిల్లాడు వెనక నిలబడాల్సి వస్తే మాస్టర్ మొహం మాడుతుంది. ఇప్పుడు ఎత్తును బట్టి నిలబడతారు, బడి ప్రార్థనలో లాగా.

క్లాసు మారడం సంగతి తలుపులు వేసుకుని మరీ మాట్లాడుకున్నాం. ఎవరి పిల్లాడినీ ఎవరూ చేర్చుకోకూడదని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. తల్లిదండ్రులు ఫీజు కట్టి ఎక్కడ నేర్పించాలో వాళ్లిష్టం. ఐదుగురు మాస్టర్లం కూడబలుక్కుని పిల్లాడికి తలుపులు మూయడం అన్యాయం. చివరికి తేలింది ఇదీ: పిల్లాడు వచ్చి అడిగితే ముందు పాత మాస్టర్‌కు ఫోన్ చేయాలి, బాకీ ఉంటే తీర్చాకే చేర్చుకోవాలి, ఉన్న బెల్టును ఉన్నట్టే ఒప్పుకోవాలి. మళ్లీ మొదటి నుంచి టెస్టులు కట్టించకూడదు. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. పిల్లాణ్ని లాక్కోవడంలో లాభం లేకుండా పోతే లాక్కోవాలన్న ఆశ కూడా తగ్గుతుంది. రెండేళ్లలో ముగ్గురు మారారు, అందులో ఇద్దరు తండ్రి బదిలీ వల్ల.

ముక్కులోంచి రక్తం

మేం చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పాలి. మొదటి రోజే కుమితే పెట్టాం. పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు, మేమూ ఉన్నాం. మా అయిదింటిలో ఒకటి క్యోకుషిన్ దారిలో వచ్చిన క్లాసు. మసుతాత్సు ఒయామా మొదలుపెట్టిన ఆ పద్ధతిలో ఒంటి మీద పూర్తి బలంతో కొడతారు, తొడ మీద తన్నడం మామూలు, కానీ చేత్తో ముఖం మీద గుద్దకూడదు. పాయింట్ల పద్ధతిలో ముఖం వైపు గుద్దు వేయవచ్చు, తాకీ తాకనట్టు ఆపాలి. గుద్దుకు 1, పొట్ట వైపు తన్నుకు 2, తల వైపు తన్నుకు 3 పాయింట్లు.

ఇప్పుడు ఈ ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టండి. ఒకడు తొడ మీద గట్టిగా తన్నాడు. వాడి దృష్టిలో అది ఆట, ఎదుటివాడి దృష్టిలో ఫౌల్. రెండోవాడు ముఖం వైపు గుద్దు వదిలాడు, ఆగుతుందనుకున్నాడు. మొదటివాడికి ముఖాన్ని కాపాడుకునే అలవాటే లేదు, పైగా ముందుకు వచ్చాడు. ముక్కులోంచి రక్తం. ఇద్దరూ తాము నిజాయితీగానే ఆడామని, ఎదుటివాడే మోసం చేశాడని నమ్మారు. ఇద్దరి తల్లిదండ్రులూ అక్కడే ఉన్నారు. ఆ సాయంత్రం వచ్చిన ఫోన్లు ఇప్పటికీ మర్చిపోలేదు. తప్పు పిల్లలది కాదు, రెండు నియమాలను ముందే పక్కపక్కన పెట్టి చెప్పని మాది.

ఇప్పుడు కొత్తగా వచ్చే క్లాసుకు మొదటి మూడు నెలలు కుమితే లేదు. ప్యాడ్ పట్టుకుని ఒకరు తన్నడం, ఒకరు కాచుకోవడం. ముందే చెప్పుకున్న దాడికి ముందే చెప్పుకున్న అడ్డు. జత ప్రతి రెండు నిమిషాలకూ మారుతుంది. ఒక రోజుకు ఒకే అంశం. పోయిన నెల గుండ్రంగా తిప్పి తన్నే మావాషి గెరి ఒక్కటే: షోటోకాన్ వాళ్లు తుంటి ఎలా తిప్పుతారు, క్యోకుషిన్ వాళ్లు పాదం బదులు కాలి ముందెముక ఎందుకు వాడతారు. ఆ తర్వాత కుమితే పెట్టినా నియమాన్ని ముందు గట్టిగా చదివి, పిల్లలతో తిరిగి చెప్పించి, గ్లౌజులు, మౌత్ గార్డ్ ఉన్నవాళ్లనే దింపుతాం.

ఇంకో నియమం కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. ఇంకొకరి విద్యార్థి నిలబడే తీరును దిద్దకూడదు. మోకాలికి దెబ్బ తగిలేలా ఉంటే ఆపాలి, అంతే. దిద్దితే వాడు సోమవారం తన క్లాసుకు పోయి "ఆ సార్ ఇట్ల చెప్పిండు" అంటాడు, మంగళవారం మాస్టర్ల మధ్య మాటలు ఆగిపోతాయి. తేడా ఎందుకుందో తన మాస్టర్‌నే అడగమంటాం. జవాబు వెతుక్కోవాల్సిన పని మాస్టర్ మీద పడుతుంది. నా మీద చాలాసార్లు పడింది.

ఆడపిల్లల విషయంలో బేరం లేదు. బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది, ఒక మహిళా ఇన్‌స్ట్రక్టర్ లేదా ఇద్దరు తల్లులు హాల్లో ఉండాలి. అది కుదరని నెల కలయిక మానుకున్నాం, రెండుసార్లు.

సంఘాల గురించి ఒక్క మాట. 2020లో ప్రపంచ కరాటే సమాఖ్య అప్పటి భారత సంఘానికి ఇచ్చిన గుర్తింపునే తీసేసింది. ఆ స్థాయి గొడవలు జిల్లాల దాకా దిగుతాయి; మా ఐదుగురిలోనే మూడు వేర్వేరు సంఘాల బోర్డులున్నాయి. మా పిల్లలంతా కలిసి ఒకే సెలెక్షన్‌కు పోలేరు. కలిసి సాధన చేయడం దాన్ని సరిచేయదు, సరిచేస్తుందని మేం చెప్పుకోం కూడా. ప్యాడ్ పట్టుకోవడానికి బోర్డు అడ్డు రాదు.

మల్లేపల్లి వైపు మాస్టర్ అన్నాను కదా, మొదటి ఫోన్‌లోనే సూటిగా అడిగినాయన. మూడో నెలలో టీ తాగుతూ ఊరు అడిగితే తెలిసింది, ఆయనే ఆ పడమటి మూల పిల్లాడు. హైదరాబాద్ పోటీ గుర్తు చేశాను. ఆయనకు ఆ పోటీ గుర్తే లేదు. గ్రౌండ్‌లోని నల్లా మాత్రం గుర్తుందట. నీళ్లు సన్నగా వచ్చేవని, మా క్లాసు వాళ్లు ముందు వచ్చి బాటిళ్లన్నీ నింపుకునేవాళ్లని, తమ వంతు వచ్చేసరికి నీళ్లు ఆగిపోయేవని చెప్పాడు. ఈ నెల వంతు మాది. నీళ్ల క్యాన్లు రెండు ఎక్కువ చెప్పాను.